మూడో బిడ్డకు డబ్బులిస్తారట, ఏం చేయమంటారు?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక సోదరి పేరు చెప్పకుండా నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 31 ఏళ్లు. 60 మంది పనిచేసే ఒక బట్టల షోరూంలో బిల్లింగు, స్టాకు లెక్కలు చూస్తారు. జీతం 19,500. భర్త వాహనాల సర్వీసు సెంటర్లో సూపర్‌వైజరు, ఆయనకు 32,000 వస్తుంది. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు. రెండూ సిజేరియన్ కాన్పులే. రెండోసారి బల్ల మీద ఉన్నప్పుడే ట్యూబులు ముడివేయించుకుంటానంటే తెనాలిలో ఉండే అత్తగారు ఒప్పుకోలేదు.

మగపిల్లాడి మాట ఇంతకాలం పండక్కో పబ్బానికో వచ్చి పోయేదట. ఇప్పుడు దానికి ప్రభుత్వం మాట తోడైంది. "ముగ్గుర్ని కంటే డబ్బులిస్తారట" అంటూ అత్తగారు ఒకరోజు పాతిక వేలంటారు, ఇంకోరోజు నలభై వేలంటారు. ఎవరో ఎంపీ ఆవును ఇస్తానన్నారని కూడా చెప్పారు. "మా రోజుల్లో ఆపరేషన్ చేయించుకుంటే డబ్బులిచ్చారు, ఇప్పుడు కంటే ఇస్తున్నారు, మంచి కాలమే వచ్చింది" అన్నారట. పక్కింటి టీచరమ్మకు మూడో కాన్పుకు కూడా ఆరు నెలల సెలవు ఇచ్చారు కాబట్టి నీకూ ఇస్తారని ఆడపడుచు ధైర్యం చెబుతోంది. భర్త పైకి ఏమీ అనరు. కానీ ఒక రాత్రి ఫోనులో లెక్క వేసి చూపించారు. బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం 13,000 చొప్పున ముగ్గురికి ఏడాదికి 39,000, పుట్టినప్పుడు వచ్చేది దానికి అదనం. పెద్దమ్మాయికే పడలేదు కదా, కరెంటు 300 యూనిట్లు దాటిందని తీసేశారు కదా అని ఈమె గుర్తు చేస్తే, అది సరిచేయించుకుందాం అన్నారు.

"నాకు పిల్లలంటే ఇష్టమే. ఒక్కోసారి మూడో బిడ్డ మీదికి మనసు పోతుంది కూడా. కానీ చిన్నదాన్ని ఏడాది పాటు మా అమ్మ వచ్చి చూసుకుంది. ఇప్పుడు అమ్మకు మోకాళ్లు పనిచేయడం లేదు. ఉద్యోగం పోతుందేమోనని భయం. మళ్లీ ఆ బల్ల ఎక్కాలంటే భయం. మళ్లీ ఆడపిల్ల పుడితే ఏమంటారోనని ఇంకో భయం. డబ్బులు నిజంగా వస్తాయా? వస్తే కనమంటారా? దసరాకు తెనాలి వెళ్లాలి. అందరి ముందూ అడుగుతారు. ఏం చెప్పను?" అని ముగించారు. చివరి పేజీలో నెల ఖర్చంతా పద్దుల వారీగా రాసి పంపారు.

అమ్మా,

ఆ చివరి పేజీ పంపి చాలా మంచి పని చేశారు. మీ ఇంట్లో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఒక్క ప్రశ్నలా తిరుగుతున్నాయి. డబ్బు వస్తుందా అనేది ఒకటి, మూడో బిడ్డ కావాలా అనేది ఇంకొకటి, మగపిల్లాడు కావాలా అనేది వేరొకటి. విడదీసి చూస్తే మొదటిది కాగితం మీద తేలిపోతుంది. కాబట్టి దానితో మొదలుపెడదాం.

మీరు విన్నవాటిలో ఏది ఎంతవరకు మీకు వర్తిస్తుందో చూడండి. ఆవు సంగతి విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు 2025 మార్చిలో అన్న మాట. మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000, మగపిల్లాడైతే ఆవు, అదీ తన జీతంలోంచి ఇస్తానన్నారు. అది ఆయన సొంత హామీ. దానికీ ఎన్టీఆర్, గుంటూరు జిల్లాలకూ సంబంధం లేదు. టీచరమ్మ సెలవు నిజమే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు ప్రసూతి సెలవుపై ఉన్న ఇద్దరు పిల్లల పరిమితిని 2025లో తీసేశారు. కానీ అది ప్రభుత్వ జీతం తీసుకునేవారికి. మీ షోరూంకు వర్తించే చట్టం వేరు, దాని దగ్గరకు కాసేపట్లో వద్దాం.

ఇక పాతిక వేలా, నలభై వేలా అన్నది. ప్రభుత్వం డబ్బు మన ఖాతాలో పడాలంటే నాలుగు మెట్లు దాటాలి. సభలో ప్రకటన, తర్వాత జీవో, తర్వాత ఎవరికి ఎలా ఇవ్వాలో చెప్పే మార్గదర్శకాలు, ఆ తర్వాత నిధుల విడుదల. మొదటి మెట్టు మీద ఉన్నదాన్ని నాలుగో మెట్టు మీద ఉన్నట్టు లెక్క వేసుకోవడం వల్లే కుటుంబాలు దెబ్బతింటాయి. మీ వార్డు సచివాలయానికి వెళ్లి "మూడో బిడ్డకు డబ్బులిస్తారా" అని అడగకండి, ఊరికే అవునంటారు. జీవో నంబరు అడగండి. అది ఉంటే మార్గదర్శకాల కాగితం చూపించమనండి. అందులో చదవాల్సినవి: ఏ తేదీ తర్వాత పుట్టిన బిడ్డకు వర్తిస్తుంది, ఆదాయ పరిమితి ఎంత, బియ్యం కార్డు తప్పనిసరా, ఒకేసారి ఇస్తారా విడతలా, ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయినా ఇస్తారా. ఆదాయ పరిమితి గీత దగ్గరే మీలాంటి కుటుంబాలు ఎక్కువగా జారిపోతాయి.

తల్లికి వందనం విషయం కూడా అంతే. పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు 12,000 దాటకూడదన్నది అందులో నిబంధన. మీ ఇద్దరి జీతాలు కలిపితే 51,500. కరెంటు యూనిట్ల తప్పు సరిచేయించుకోవడం మాత్రం మంచిదే. ఏ సర్వీసు నంబరు మీద 300 దాటిందో సచివాలయంలో అడగండి. అది మీరు ఉండే ఇంటిది కాకపోతే కరెంటు సంస్థ ఏపీసీపీడీసీఎల్ కార్యాలయంలో ఆ మీటరు నుంచి మీ ఆధార్‌ను తీసేయించి, ఆ కాగితంతో సచివాలయంలో ఫిర్యాదు నమోదు చేయించండి. కానీ యూనిట్ల అడ్డు తొలగినా ఆదాయం అడ్డు అలాగే ఉంటుంది. పాత కారు చూస్తున్నామని కూడా రాశారు. సొంత వాడకానికి నాలుగు చక్రాల బండి కొంటే ఒక్క బిడ్డకు కాదు, ఇంట్లో బడికెళ్లే పిల్లలందరికీ ఆ డబ్బు ఆగిపోతుంది.

అయినా మీ వారి లెక్కనే పూర్తిగా నమ్మి చూద్దాం. పుట్టినప్పుడు 40,000 వచ్చింది అనుకోండి. బిడ్డకు 18 ఏళ్లు వచ్చేవరకు 216 నెలలు. నెలకు 185 రూపాయలు. తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు పన్నెండేళ్లు, ఏడాదికి 13,000 చొప్పున 1,56,000. అదే 216 నెలలకు పంచితే నెలకు 722. రెండూ కలిపి 907 రూపాయలు. అందులో పెద్ద భాగం మొదలయ్యేది బిడ్డకు ఆరేళ్లు వచ్చాక. అప్పటికి కనీసం ఒక ఎన్నిక దాటిపోతుంది. ఎన్నికలు మారితే పథకాలు మారడం మీకు తెలియంది కాదు. 2023 జూన్‌లో అమ్మఒడి పడింది. అందులో పిల్లలెందరున్నా తల్లికి ఒక్కరి డబ్బే. ఆ తర్వాత పేరు మారి, పిల్లలందరికీ అని నిబంధన మారి, మళ్లీ డబ్బు పడింది 2025 జూన్‌లో. మధ్యలో 2024 జూన్ ఖాళీగా వెళ్లిపోయింది.

ఈ 907 రూపాయల ఎదురుగా మీ జీతాన్ని పెట్టండి. అసలు లెక్క అక్కడ తెగుతుంది.

మీరు రాసిన పద్దులు ఇవి. అద్దె 11,000. ఇద్దరి బడి ఫీజులు ఏడాదికి 70,000 కాబట్టి నెలకు 5,800. పిల్లల ఆటో 2,400. తెనాలి పంపేది 5,000. బండి వాయిదా 3,200. సరుకులు, పాలు, గ్యాసు, కరెంటు, మందులు 18,000. అంతా కలిపి 45,400. మిగిలిన 6,000 చీటీ కడుతున్నారు. మీ అమ్మగారు రాలేని స్థితిలో, బిడ్డను చూసుకోవడానికి మీరు ఉద్యోగం మానేస్తే ఇంట్లోకి వచ్చేది 32,000. చీటీ ఆపేసినా నెలకు 13,400 తక్కువ పడుతుంది. కొత్త బిడ్డ ఖర్చు ఇంకా అందులో కలపలేదు. మూడేళ్లు ఇంట్లో ఉంటే పోయే జీతం 7,02,000. పీఎఫ్ ఆగిపోవడం, మళ్లీ చేరేటప్పుడు తక్కువ జీతానికి ఒప్పుకోవలసి రావడం దానికి అదనం. మీ వారు ఫోనులో వేసిన లెక్కలో వచ్చే డబ్బు ఉంది, మీ జీతం లేదు. ఆయన తప్పు చేశారని అనడం లేదు. ఆడవాళ్లు మానేసే జీతాన్ని ఖర్చు కింద రాసే అలవాటు మన ఇళ్లలో లేదు, అంతే.

ఇప్పుడు మీకు వర్తించే చట్టం. మీ జీతం 21,000 లోపు కాబట్టి మీరు ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా కిందకు వస్తారు. జీతం కాగితంలో 146, 147 రూపాయల కోత కనిపిస్తుంది. అది కనిపించకపోతే ఇవాళే అడగండి. కోస్తున్నా కట్టడం లేదేమో ఈఎస్‌ఐ వెబ్‌సైటులో మీ బీమా నంబరుతో చూసుకోండి. కొన్ని చోట్ల ఇదే జరుగుతుంది, కాన్పు వేళ బయటపడుతుంది. ప్రసూతి సొమ్ము రావాలంటే అంతకు ముందటి రెండు కంట్రిబ్యూషన్ కాలాల్లో కనీసం 70 రోజులకు చందా జమయి ఉండాలి. ఆ కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి.

మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతం ఇస్తారు. ఇద్దరు బతికుండగా మూడో కాన్పు వస్తే 12 వారాలే. మీ జీతం రోజుకు సుమారు 650 అనుకుంటే 26 వారాలకు 1,18,300, 12 వారాలకు 54,600. తేడా 63,700. ఊళ్లో వినిపిస్తున్న నలభై వేలు నిజంగా వచ్చినా ఈ తేడాను పూడ్చదు. ఈ ఒక్క అంకె మీ ఆడపడుచుకు చూపించండి.

ఇదొక్కటే కాదు. ఈఎస్‌ఐ వైద్యం అందుబాటులో లేని చోట కాన్పయితే ఇచ్చే 7,500 రెండు కాన్పులకే. కేంద్రం ఇచ్చే మాతృ వందన సొమ్ము మొదటి బిడ్డకు, రెండో బిడ్డ ఆడపిల్లయితే ఆమెకు, అక్కడితో సరి. సుకన్య సమృద్ధి ఖాతాలు ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లలకే తెరుస్తారు. కవలల విషయం తప్ప మూడో ఆడపిల్లకు ఖాతా లేదు. "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని గోడల మీద రాసిన రోజుల్లోని ఆలోచనే ఈ నిబంధనల్లో ఇంకా నడుస్తోంది. వేదిక మీద మాట మారింది. మీ చేతికి డబ్బు అందించే కాగితాలు మాత్రం ఇంకా రెండు వరకే లెక్కపెడుతున్నాయి. మూడో బిడ్డను కనమని నిజంగా కోరేవారు ముందు ఈ 12 వారాలను 26 చేయించాలి. అది కేంద్రం చేతిలో ఉన్న పని.

మీ అత్తగారి మాటలో ఒక నిజం ఉంది, దాన్ని తీసిపారేయకండి. ఆవిడ తరం స్త్రీలకు ప్రభుత్వం ఆపరేషన్‌కు డబ్బిచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 1995 మే తర్వాత మూడో బిడ్డను కన్నవారు సర్పంచిగా కూడా నిలబడే వీల్లేకపోయింది. ఆ నిబంధనను శాసనసభ ఎత్తివేసింది 2024 నవంబరులో. పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్లలో దేశంలోనే మనం ముందున్నాం, అందులో దాదాపు అన్నీ ఆడవాళ్లవే. ఇప్పుడు రాష్ట్రంలో ఒక స్త్రీ సగటున కనేది 1.7 మందినని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. ముసలివారు పెరిగి పనిచేసే వయసువారు తగ్గుతారన్న ఆందోళన, లోక్‌సభ స్థానాల పునర్విభజనలో దక్షిణాది వాటా తగ్గుతుందన్న ఆందోళన, రెండూ నిజమైనవే. రాష్ట్రానికి ఆ అవసరం ఉంది. కానీ ఆ 1.7ను మీ కడుపుతో మీరొక్కరే 2.1 చేయనక్కర్లేదు.

డబ్బుతో జననాలు పెంచాలని చూసిన దేశాల అనుభవం మీకు పనికొస్తుంది. ఆస్ట్రేలియా 2004 జూలై 1 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ 3,000 డాలర్లు ఇచ్చింది. తేదీ ముందే తెలియడంతో జూన్ ఆఖరులో కావాల్సిన కాన్పులు కొన్ని జూలైకి జరిగాయి. 2014లో ఆ పథకమే ఆగిపోయింది. హంగరీ నలుగురు పిల్లల తల్లికి జీవితాంతం ఆదాయపు పన్ను లేకుండా చేసింది. అక్కడ సంఖ్య 1.6 దాకా వెళ్లి మళ్లీ 1.4 కంటే కిందికి దిగింది. దక్షిణ కొరియా పుట్టినప్పుడూ ఇస్తుంది, తర్వాత నెలనెలా కూడా ఇస్తుంది. 2024లో అక్కడ 0.75. ఎలాగూ కనాలనుకున్నవాళ్లు ఆ డబ్బు చూసి ఒకటి రెండేళ్లు ముందుగా కంటారు, అందుకే మొదట్లో అంకె కాస్త లేచి తర్వాత పడుతుంది. వద్దనుకున్నవాళ్లు ఒకసారి వచ్చే సొమ్ముకు మనసు మార్చుకోవడం తక్కువ. కాబట్టి ప్రభుత్వ సొమ్మును ముందే తీసుకున్న నిర్ణయానికి వచ్చే చిన్న ఆసరాగా చూడండి. దాన్ని నిర్ణయానికి కారణం చేసుకోకండి.

ఇక మగపిల్లాడి సంగతి. మూడోసారి కూడా అవకాశం సగానికి సగమే. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు కాబట్టి ఈసారి అబ్బాయేనన్న లెక్క ప్రకృతిలో లేదు. బిడ్డ ఆడా మగా తేల్చేది తండ్రి వీర్యకణం. ఈ మాట మీ వారికి తెలుసా అని ఒకసారి అడగండి, చాలామందికి నిజంగా తెలియదు. "ఫలానా చోట స్కానింగులో చెబుతారు" అని ఎవరైనా అంటే ఆ దారిన అడుగు కూడా వేయకండి. లింగ నిర్ధారణ చేయమని అడిగిన కుటుంబ సభ్యులకు మూడేళ్ల వరకు జైలు, 50,000 వరకు జరిమానా ఉన్నాయి. భర్తో, బంధువులో బలవంతపెడితేనే గర్భిణి ఒప్పుకుందని చట్టం ముందుగానే అనుకుంటుంది. అంటే ఇరుక్కునేది మీ వారూ అత్తగారూ. బెదిరింపుగా కాదు, వాళ్ల మేలు కోరే చెప్పండి.

అత్తగారితో ఒక్కరే కూర్చున్నప్పుడు "అత్తయ్యా, మగపిల్లాడు లేకపోతే మీకు ఏం దిగులు?" అని అడిగి చూడండి. తలకొరివి గురించే కావచ్చు. ఆస్తి బయటికి పోతుందన్న భయం కావచ్చు. కొడుకు ముసలితనంలో ఎవరు చూస్తారన్న బెంగ కావచ్చు. ఆస్తి విషయంలో ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. దేశం ఆ పని 2005లో చేసింది. తల్లిదండ్రులను చూసుకునే బాధ్యతలో 2007 చట్టం కొడుకునూ కూతురినీ ఒకేలా చూస్తుంది. ఆవిడ వెంటనే మారతారని కాదు. దిగులు ఏమిటో తెలిస్తే దానికి జవాబు వెతకొచ్చు, తెలియకపోతే ప్రతి పండక్కీ అదే మాట తిరుగుతూ ఉంటుంది. మీ పిల్లల్లో పెద్దది ఎనిమిదేళ్లది. ఇంట్లో "మగపిల్లాడు లేడు" అన్న మాట విన్న ప్రతిసారీ తాను సరిపోలేదని అర్థం చేసుకునే వయసు. పిల్లల ముందు ఈ చర్చ జరగకూడదన్న షరతు ఒకటి మీరు గట్టిగా పెట్టవచ్చు.

మీరు అన్నిటికంటే తక్కువ రాసింది మీ ఒంటి గురించి. నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు దాని మీదే. రెండు సిజేరియన్ల తర్వాత మూడోది సాధారణంగా మళ్లీ సిజేరియనే అవుతుంది. చాలామందికి క్షేమంగానే జరుగుతుంది. కానీ పాత కోతల దగ్గర పేగులు, మూత్రాశయం అతుక్కుని ఉంటే ఆపరేషన్ కష్టమవుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం మాయ (ప్లాసెంటా). మాయ గర్భసంచి కింది భాగంలో, పాత కుట్టు మీద కూర్చుంటే అది లోపలికి పాతుకుపోవచ్చు. మూడో సిజేరియన్‌లో మాయ అలా కిందికి ఉన్నవాళ్లలో నూటికి 40 మందికి దాకా ఇది జరుగుతుంది. మాయ పైన ఉన్నవాళ్లలో నూటికి ఒకరికన్నా తక్కువ. పాతుకుపోతే రక్తం ధారగా పోతుంది, ఒక్కోసారి గర్భసంచి తీసేయాల్సి వస్తుంది. అందుకే ఐదో నెల స్కానింగులో మాయ ఎక్కడుందో ప్రత్యేకంగా రాయించుకోవాలి. కింద ఉంటే బ్లడ్ బ్యాంకు, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రిలోనే కాన్పు పెట్టుకోవాలి. చిన్న నర్సింగ్ హోం పనికిరాదు.

మూడో బిడ్డ కావాలా వద్దా అని తేల్చుకునే ముందే, గర్భం రాకముందే, ఒకసారి గైనకాలజిస్టును కలవండి. రెండో ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితాన్ని, దొరికితే ఆపరేషన్ నోట్సును తీసుకెళ్లండి. లోపల అతుకులు ఉన్నాయని, కుట్టు పలచగా ఉందని అందులో రాసి ఉండొచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకోండి. గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో మీ కార్డు మీద ఇవన్నీ చేయించుకోవచ్చు. మీ వారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఈ మాటలు మీ నోటి నుంచి కాకుండా డాక్టరు నోటి నుంచి ఆయన వినాలి.

ఇంతా చూశాక మీ ముందు మూడు దారులుంటాయి. ఏది ఎంచుకున్నా ఒక వెల ఉంది.

ఇద్దరితో ఆపేస్తే ఇంటి లెక్క ఇప్పుడున్నట్టే నిలబడుతుంది, పిల్లల చదువుకు చీటీ డబ్బు మిగులుతుంది. అత్తగారి అసంతృప్తి కొన్నేళ్లు ఉంటుంది. మూడో బిడ్డ మీదికి మనసు పోతుందని మీరే రాశారు కాబట్టి ఆ వెలితి మీలోనూ కొంత మిగలొచ్చు. ఈ దారి పడితే ఆపరేషన్ మీ వారిని చేయించుకోమనండి. కోత, కుట్టు లేని వేసెక్టమీ పది, ఇరవై నిమిషాల పని, ఆ రోజే ఇంటికి వచ్చేయొచ్చు. మీరు ఇప్పటికే రెండు కోతలు భరించారు. అయితే మూడు నెలలు గడిచి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలేదాకా వేరే జాగ్రత్త తీసుకోవాలి. ఆ పరీక్ష చేయించుకోక కొందరు మళ్లీ గర్భం చూస్తారు. రేపు మనసు మారితే మళ్లీ కలిపించుకోవచ్చులే అన్న ధీమాతో మాత్రం ఆపరేషన్‌కు ఎవరూ వెళ్లకండి, అది అన్నిసార్లూ ఫలించదు.

రెండేళ్లు ఆగి చూడటం రెండో దారి. మీకు 31 ఏళ్లే. 33లో నిర్ణయం తీసుకున్నా ఆలస్యమేమీ కాదు. 35 దాటేదాకా నాన్చితే మాత్రం కాన్పులో చిక్కులు పెరుగుతాయి. ఈలోగా ప్రకటనల్లో ఏవి జీవోలయ్యాయో, ఎవరికి డబ్బు పడిందో తేలుతుంది, చిన్నది ఒకటో తరగతికి వస్తుంది. ఆగడమంటే జాగ్రత్త లేకుండా ఆగడం కాదు. కాపర్-టీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, తీసేసిన తర్వాతి నెల నుంచే గర్భం రావచ్చు. మొదటి రెండు మూడు నెలలు బహిష్టు ఎక్కువగా అవుతుంది కాబట్టి రక్తహీనత ఉంటే ముందు అది సరిచేసుకోండి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ కూడా ఉచితమే. అది ఆపాక గర్భం రావడానికి ఏడెనిమిది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీలా సందిగ్ధంలో ఉన్నవారికి కాపర్-టీయే నయం.

కనాలనే నిర్ణయించుకుంటే, అది ఆడపిల్లయినా ఇంతే సంతోషంగా తీసుకుంటామని మీ ఇద్దరూ ముందు ఒకరికొకరు చెప్పుకున్న తర్వాతే. ఆ ఒక్క మాట మీ వారు అనలేకపోతే ఈ దారి మొదలుపెట్టకండి. అనగలిగితే, మొదటి పని డబ్బు పక్కన పెట్టడం. 12 వారాలు అయిపోయాక మీరు ఇంకో మూడు నెలలు జీతం లేకుండా ఉండాల్సి రావచ్చు. 19,500 చొప్పున 58,500. గర్భం రాకముందే ఆ మొత్తం చీటీ పాడుకోనో, వేరేగానో చేతిలో ఉండాలి. రెండో పని బిడ్డ సంరక్షణ. 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట యజమాని శిశు సంరక్షణ గది ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చని చట్టం. మీ షోరూంలో 60 మంది ఉన్నారు. ఒక్కరే అడిగితే పని జరగదు. చిన్న పిల్లలున్న మరో నలుగురైదుగురితో కలిసి కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని ఉద్యోగం నుంచి తీసేయకూడదన్న రక్షణ మూడో కాన్పుకూ ఉంది. ఇంకొక సంగతి. మీరు రాజీనామా చేస్తే మీ ఈఎస్‌ఐ కార్డు మీద పిల్లలకు అందే వైద్యం కూడా కొన్నాళ్లకు ఆగిపోతుంది. మీ వారి జీతం 21,000 దాటింది కాబట్టి ఆయన వైపు నుంచి ఆ కార్డు రాదు. మానేయాలన్న ఆలోచన వచ్చిన రోజున ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

అత్తగారు బిడ్డను చూసుకుంటానంటే? అడిగి చూడండి. తెనాలి వదిలి విజయవాడ వచ్చి రెండేళ్లు ఉండగలరా, మామగారి సంగతి ఏమిటి, ఆడపిల్ల పుట్టినా ఉంటారా? అవునంటే మీ లెక్క నిజంగానే చాలా మారుతుంది. నెలకు ఐదు వేలు తెనాలి పంపే అవసరం కూడా తగ్గుతుంది. కాదంటే, అడిగే హక్కు ఆవిడకు ఉంది గానీ తేల్చే భారం మీ ఇద్దరిదేనని ఆవిడకే తెలిసిపోతుంది.

దసరా సంగతి అడిగారు. తెనాలి బయల్దేరే ముందే, ఒక ఆదివారం పిల్లలు పడుకున్నాక, ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి మీ వారి ముందు పెట్టండి. 907 ఒక పక్క, 19,500 ఇంకో పక్క. "ఏమండీ, మీ లెక్కలో ఇది కూడా కలిపి చూడండి" అనండి, వాదన పెట్టుకోకండి. డాక్టరు దగ్గరకు వెళ్లే తేదీ ఆ రాత్రే అనుకోండి. పండగనాడు అందరి ముందూ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు మీరు చెప్పకండి. "డాక్టరును కలుస్తున్నాం అమ్మా, ఆవిడ చెప్పాక మేమిద్దరం ఆలోచించుకుని నీకు చెబుతాం" అని కొడుకే తల్లికి చెప్పాలి. ఆ మాట ఆయన చేత ముందే ఒప్పించుకుని బండెక్కండి.